ట్రైలర్‌లో గ్యాస్ ఫ్రిజ్ మా ఇంటి ఫ్రిజ్ కంటే నాలుగింతలు కరెంటు తింటోంది, ఇది మామూలేనా?

డాలస్_శీను
పోయిన నెల పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నాను, 2014 మోడల్, 26 అడుగులు. థాంక్స్‌గివింగ్‌కి టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్దామని ఇంట్లో అందరికీ మాటిచ్చేశాను. అందులో ఉన్నది గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే 8 క్యూబిక్ అడుగుల ఫ్రిజ్. డ్రైవ్‌వేలో పెట్టి కరెంటుకి కలిపి, మధ్యలో వాట్ మీటర్ పెట్టి చూశాను. 24 గంటలకి 7.6 యూనిట్లు! ఇంట్లో రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్, 25 క్యూబిక్ అడుగులది, అదే మీటర్ మీద 1.8 చూపించింది. అంటే మూడో వంతు సైజున్న డబ్బా నాలుగింతలు తింటోంది. పోనీ చల్లబడుతోందా అంటే లోపల 46 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగట్లేదు, పాలు రెండో రోజుకే తేడా వాసన. అమ్మినాయన్ని అడిగితే "అవన్నీ అంతే, గ్యాస్ మీద పెట్టుకో, అది చవక" అన్నాడు. నిజమేనా? లేక నన్ను ముంచేశాడా? ఒక 20 పౌండ్ల సిలిండర్ ఫ్రిజ్‌కి ఎన్ని రోజులు వస్తుంది?

లిథియం_లక్ష్మణ్
పీకి పారేయ్ బ్రో. 12 వోల్ట్‌ల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకో. ఈ మధ్య వచ్చే కొత్త ట్రైలర్లలో చాలావరకు అవే వస్తున్నాయి. నాది 10 క్యూబిక్ అడుగులు, రోజుకి 0.9 యూనిట్. నిప్పు పెట్టి చల్లబరచడం ఏంటసలు, తాతల కాలం నాటి పద్ధతి.

ఎడారి_బాటసారి
వచ్చేశాడు లక్ష్మణ్, ఇంకా ప్రశ్న పూర్తిగా చదవకుండానే.

మెకానికల్_మావయ్య
శీను, ముందు ఒక లెక్క చెయ్యి. ఆ సైజు ఫ్రిజ్‌లో హీటర్ కడ్డీ 300, 325 వాట్ల దగ్గర ఉంటుంది, తలుపు లోపలి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది చూడు. 325 అనుకుందాం. 7.6 ని 0.325తో భాగిస్తే 23 గంటల పైచిలుకు. అంటే రోజంతా కలిపి ముప్పావు గంట కూడా ఆగలేదన్నమాట. థర్మోస్టాట్ ఆపమనే దాకా చల్లబడితేనే కదా అది ఆగేది. కాబట్టి నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఈ రకం ఫ్రిజ్‌లు ఎక్కువ తింటాయా అంటే, తింటాయి, అది వాటి పుట్టుక. కానీ నీది దానికి మించి ఏదో ఇబ్బందిలో ఉంది.

మూడు సంగతులు చెప్పు. డ్రైవ్‌వే వాలుగా ఉందా? మధ్యాహ్నం ఎండ ఫ్రిజ్ ఉన్న వైపు పడుతోందా? బయట కింద ఉన్న జాలీ మూత తీసి చూస్తే పసుపు రంగు పొడి ఏమైనా కనిపిస్తోందా?

గోంగూర_గర్ల్
మావయ్య గారు స్టిక్కర్ చూడకుండానే రోగం చెప్పేశారు. నాడి పట్టుకున్నట్టు ఉంది.

డాలస్_శీను
డ్రైవ్‌వే వాలే, రోడ్డు వైపు దిగుతుంది. మరీ ఎక్కువేం కాదు కానీ. ఎండ, అబ్బో, డాలస్ సెప్టెంబర్ అండీ, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా సరిగ్గా అటే. జాలీ రేపు తీసి చూస్తాను. పసుపు పొడి ఉంటే ఏమిటి?

అట్లాంటా_అక్క
పసుపు పొడి ఉంటే ఫ్రిజ్‌కి కాలం చెల్లినట్టే. నా కథ విను. రెండేళ్ల కిందట టెనెసీ కొండల్లో క్యాంపింగ్, రాత్రి రెండింటికి ట్రైలర్ అంతా ఒకటే ఘాటు. నేను పాప డైపర్ అనుకుని మార్చాను. ఇంకో పావుగంటకి మళ్లీ. మళ్లీ మార్చాను, పాప నిద్ర లేచి ఏడుపు, మా ఆయన "అసలు నువ్వు సరిగ్గా మార్చావా" అని నా మీద. తీరా చూస్తే ఫ్రిజ్ వెనక గొట్టం పగిలి అమోనియా కారుతోంది! నలుగురం పిక్నిక్ బల్ల మీద దుప్పట్లు కప్పుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున వెనక జాలీ తీస్తే పసుపు మరకలు. ముందు సీజన్‌లోనే ఒక షాపు వాళ్లకి చూపిస్తే ఏమీ లేదు బాగానే ఉంది పొమ్మన్నారు, అది వేరే ఏడుపు.

మెకానికల్_మావయ్య
అక్క చెప్పింది సరిగ్గా అదే. ఆ పసుపు సోడియం క్రోమేట్. లోపల అమోనియా నీళ్లు ఇనుప గొట్టాన్ని తినేయకుండా ఉండటానికి కలుపుతారు. బయట కనిపించిందంటే గొట్టానికి చిల్లు పడినట్టు. వేలితో ముట్టుకోవద్దు, మంచిది కాదు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే వాలు గురించి ఎందుకు అడిగానో కూడా అర్థమవుతుంది. ఇందులో కంప్రెసర్ లేదు, పంపు లేదు, కదిలే ముక్క ఒక్కటీ లేదు. కింద ఒక చిన్న మంట, లేదా కరెంటు కడ్డీ. అమోనియా కలిసిన నీళ్లు మరుగుతాయి. పాలు పొంగి పైకి వచ్చినట్టు ఆ బుడగలే ద్రావణాన్ని సన్నని గొట్టంలోంచి పైకి నెడతాయి. అమోనియా ఆవిరి పైన రేకుల దగ్గర వేడి వదిలేసి ద్రవమవుతుంది, ఫ్రీజర్ వెనక్కి జారి అక్కడున్న హైడ్రోజన్‌లో మళ్లీ ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు వేడి లాక్కుంటుంది, మన మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే. తర్వాత కింద నీళ్లు ఆ అమోనియాని పీల్చుకుని మళ్లీ మంట దగ్గరికి. అంతా కిందికి జారడం మీదే నడుస్తుంది. మరి ట్రైలర్ పక్కకి వాలి ఉంటే జారాల్సింది జారకుండా మధ్యలో నిలిచిపోతుంది. మంట మాత్రం ఆగదు. చల్లదనం రాదు, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఇలాగే రోజుల తరబడి ఉంటే బాయిలర్ దగ్గర ద్రావణం ఎండి, ఇందాక చెప్పిన క్రోమేటే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు ఇక బాగు చెయ్యడానికి ఏమీ ఉండదు, కూలింగ్ యూనిట్ మొత్తం మార్చాల్సిందే.

సాధారణంగా మాన్యువల్‌లో పక్కకి 3 డిగ్రీలు, ముందుకీ వెనక్కీ 6 డిగ్రీలు దాకా పరవాలేదని ఉంటుంది. ప్రయాణంలో ఊగుతూ ఉంటే ఫరవాలేదు, ద్రవం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. వాలులో కదలకుండా నిలబెడితేనే ప్రమాదం.

హ్యూస్టన్_హుషార్
ఇది ఐన్‌స్టీన్ కనిపెట్టిన ఫ్రిజ్ కదా? ఎక్కడో వీడియోలో చూశా.

మెకానికల్_మావయ్య
కాదయ్యా. 1922లో స్టాక్‌హోమ్‌లో ఇద్దరు విద్యార్థులు కనిపెట్టారు, ఫాన్ ప్లాటెన్, మంటర్స్. ఎలక్ట్రోలక్స్ ఆ హక్కులు కొనుక్కుని ప్రపంచమంతా అమ్మింది. ఐన్‌స్టీన్, సిలార్డ్ కలిసి చేసింది ఇంకో రకం, దానికి అమెరికా పేటెంట్ 1930లో వచ్చింది. అదీ కదిలే ముక్కల్లేనిదే కాబట్టి జనం కలిపేస్తుంటారు.

హ్యూస్టన్_హుషార్
సరే, ఐన్‌స్టీన్ లేకపోతే మనకి క్రేజ్ లేదు.

లిథియం_లక్ష్మణ్
కథలన్నీ బాగానే ఉన్నాయి కానీ అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఒక యూనిట్ వేడి ఇస్తే ఈ ఫ్రిజ్ లోపల నుంచి తీసేది పావు యూనిట్ వేడి. కంప్రెసర్ ఫ్రిజ్ ఒక యూనిట్ కరెంటుకి యూనిట్ పైనే తీస్తుంది. నాలుగైదు రెట్లు తేడా. మట్టం చేసినా, దండం పెట్టినా ఈ లెక్క మారదు.

ఎడారి_బాటసారి
మారదు, ఒప్పుకుంటా. కానీ నువ్వు ఎప్పుడూ గోడకి ప్లగ్ ఉందనుకునే మాట్లాడతావు. నేను ప్రతి జనవరిలో ఆరిజోనా క్వార్ట్‌సైట్ దగ్గర ఎడారిలో రెండు వారాలు ఉంటాను. ప్లగ్ లేదు, కుళాయి లేదు. 20 పౌండ్ల సిలిండర్‌లో దాదాపు 4,30,000 బీటీయూల (ఇక్కడ వేడిని కొలిచే లెక్క) వేడి ఉంటుంది, అంటే 126 యూనిట్లు. నీ 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్. నువ్వన్నట్టే నాలుగైదు రెట్లు దండగ చేసినా, నా సిలిండర్ నీ బ్యాటరీని ఎన్నో రోజులు దాటేస్తుంది. ఆ 126 యూనిట్లని మోస్తున్న డబ్బా నిండుగా ఉన్నా 37 పౌండ్లే.

లిథియం_లక్ష్మణ్
సోలార్ అన్నది ఒకటుంది అన్నా. పైన 400 వాట్లు పెడితే ఆరిజోనా ఎండకి చలికాలంలో కూడా రోజుకి యూనిట్‌న్నర వస్తుంది. ఫ్రిజ్‌కి పోగా మిగులుతుంది కూడా. సిలిండర్ నింపించుకోవడానికి ఊళ్లోకి పరిగెత్తేది మీరే.

ఎడారి_బాటసారి
ఆరిజోనాలో ఒప్పుకుంటా. పోయిన అక్టోబర్‌లో ఒరెగాన్ అడవిలో ఐదు రోజులు పైన ఆకాశమే కనిపించలేదు, దేవదారు చెట్లు, వాన. పక్క సైట్‌లో 12 వోల్ట్ ఫ్రిజ్ వాళ్లు జనరేటర్ వేసుకుని, పదింటికి ఆపమని రేంజర్‌తో చెప్పించుకున్నారు. నా మంట చప్పుడు లేకుండా కాలుతూనే ఉంది.

కొలరాడో_కొండబాబు
ఇద్దరిదీ తప్పు కాదు కానీ కొండల్లో మీ మంటకి నమ్మకం లేదు. చాలా ఫ్రిజ్‌ల మాన్యువల్‌లోనే 5,500 అడుగులు దాటితే గ్యాస్ మీద ఇబ్బంది రావచ్చు, కరెంటు ఉంటే కరెంటు మీద నడుపుకోండి అని ఉంటుంది. లెడ్‌విల్ దగ్గర, 10,000 అడుగుల పైన, రాత్రికి మూడుసార్లు మంట ఆరిపోయి చెక్ లైటు వెలిగింది. గాలి పలుచన కదా, మంట సరిగ్గా అంటుకోదు. దిగువకి వచ్చాక ఏమీ ఎరగనట్టు బుద్ధిగా పనిచేసింది.

పెళ్లైన_కొత్త
ఓహ్! అందుకా! మేము జూన్‌లో అద్దెకి ఆర్వీ (ఇల్లు లాంటి బండి) తీసుకుని యెల్లోస్టోన్ వెళ్లాం, మొత్తం పెరుగు పాడైంది. అక్కడ ఎత్తు 7,000 దాటుతుంది కదా. మా అత్తగారు నేను మూత సరిగ్గా పెట్టలేదని ఇప్పటికీ అంటారు.

గోంగూర_గర్ల్
ఈ పోస్ట్ ప్రింట్ తీసి అత్తగారికి ఇవ్వు. సాక్ష్యానికి మేమంతా వస్తాం.

కొలరాడో_కొండబాబు
ఎత్తే కారణమని ఖాయంగా చెప్పలేం పెళ్లైన_కొత్త గారూ, ఆర్వీ ఎక్కడ ఎలా నిలబెట్టారో కూడా చూడాలి. కానీ అత్తగారితో మాత్రం ఎత్తే అని చెప్పండి.

డాలస్_శీను
జాలీ తీశాను. పసుపు లేదు, బతికాను. కందిరీగ గూడు ఒకటి, మంట దగ్గర తుప్పు పొరలు, బోలెడు సాలెగూళ్లు. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి ఫ్రిజ్ లోపల అడుగున చూస్తే పక్కకి 4 డిగ్రీలు. మావయ్య గారూ, టెన్షన్ వచ్చేసింది, వారం రోజులు అలాగే నడిపాను. ఏమైనా అయి ఉంటుందా?

మెకానికల్_మావయ్య
వారానికి ఏమీ కాకపోవచ్చు, చల్లదనం కొంతైనా వస్తోంది కాబట్టి గొట్టం పూర్తిగా మూసుకుపోలేదు. ముందు ఆపేసి పూర్తిగా చల్లారనివ్వు. చక్రాల కింద పలకలు పెట్టి మట్టం చెయ్యి. తర్వాత మళ్లీ పెట్టి ఒక రోజంతా చూడు. ఇవి ఇంటి ఫ్రిజ్ లాగా గంటలో చల్లబడవు, పది పన్నెండు గంటలు ఓపిక పట్టాలి. నువ్వు మధ్యలో తలుపు తీసి "చల్లబడిందా" అని చూస్తూ ఉంటే ఇంకో మూడు గంటలు కలుపుకో.

సాలెగూళ్లు అందరి ఫ్రిజ్‌లోనూ ఉంటాయి. గ్యాస్‌లో కలిపే మెర్కాప్టాన్ వాసన సాలీళ్లకి ఇష్టమని అంటారు, నిజమో కాదో నాకు తెలీదు గానీ ప్రతి వసంతంలో నా బర్నర్‌లో ఒక కాపురం మాత్రం ఉంటుంది. గ్యాస్ కట్టేసి, మెత్తటి బ్రష్షుతో, గాలి డబ్బాతో ఊదు. గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రంలో పిన్నీసు పెట్టి పొడవద్దు, అది కొంచెం పెద్దదైనా మంట మారిపోతుంది. మంట నీలంగా, చిన్నగా గుర్రుమంటూ ఉండాలి. పసుపుగా ఊగుతుంటే గ్యాస్ దండగ, మసి లాభం.

విశ్రాంత_మాస్టారు
మా అబ్బాయి దగ్గరికి ఆస్టిన్ వచ్చాను, వాడే ఈ చర్చ చూపించాడు. డెబ్బైలలో మా నాన్నగారు పాడేరు వైపు ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండర్. అక్కడ కిరసనాయిలు ఫ్రిజ్ ఉండేది, టీకా మందులు దాచడానికి. అడుగున దీపం, దానికి వత్తి, పైన చల్లదనం. మా చిన్నప్పుడు దాన్ని చూసి దేవుడి మహిమ అనుకునేవాళ్లం. మంట పొగ పడితే చల్లదనం తగ్గేది, నాన్నగారు రోజూ వత్తి కత్తిరించి మట్టం చూసి మరీ పెట్టేవారు, ఫ్రిజ్ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి. ఇన్నాళ్లకి ఆ చెక్కముక్కలు ఎందుకో తెలిసింది.

అట్లాంటా_అక్క
మాస్టారూ, మీరు ఇంకొన్ని పోస్టులు పెట్టాలి.

హ్యూస్టన్_హుషార్
హోటల్ గదుల్లో ఉండే చిన్న ఫ్రిజ్‌లు కూడా చాలావరకు ఇదే రకం, అందుకే చప్పుడు రాదు. సగం చల్లటి సోడా ఎందుకు వస్తుందో కూడా ఇప్పుడు అర్థమైంది.

బాల్టిమోర్_బాబాయ్
ప్రయాణంలో గ్యాస్ మీద పెట్టి నడిపేవాళ్లు ఎంతమంది ఇక్కడ? నేనైతే ఆపేస్తాను. మా దగ్గర బాల్టిమోర్ రెండు సొరంగాల్లోకీ ట్రైలర్ సిలిండర్లతో రానివ్వరు, ఆపినా సరే. ఇదివరకు కీ బ్రిడ్జి మీంచి తిరిగి వెళ్లేవాళ్లం, 2024 మార్చి 26న ఓడ గుద్ది అది కూలిపోయాక ఇక ఊరు చుట్టూ తిరిగే 695 హైవే మీద పడమటి వైపు నుంచే. తెలియక సొరంగం దాకా వచ్చి ఆగిన ఆర్వీలని చూస్తే జాలేస్తుంది.

ఎడారి_బాటసారి
నేను నడుపుతాను బాబాయ్, ఇరవై ఏళ్లుగా. పెట్రోల్ బంకు దగ్గర మాత్రం తప్పకుండా ఆపుతాను.

అట్లాంటా_అక్క
"ఇరవై ఏళ్లుగా" అనేది సమాధానం కాదు అన్నా. ప్రమాదం జరిగి గొట్టం తెగితే తెరిచి ఉన్న గ్యాస్ ఎటు పోతుంది? తలుపు తియ్యకుండా ఉంటే నాలుగైదు గంటలు చల్లదనం పోదు. రాత్రి ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు రెండు గడ్డకట్టించి పొద్దున కింద అరలో పెట్టండి, ఇంకో రెండు గంటలు వస్తుంది. ఆ కాస్త గ్యాస్ కూడా మిగులుతుంది.

పెళ్లైన_కొత్త
మేము తీసుకున్న దాంట్లో మూడో బటన్ ఉంది, డీసీ అని. ప్రయాణంలో అది పెట్టుకోవచ్చా?

మెకానికల్_మావయ్య
ఇంజిన్ నడుస్తున్నంతసేపే. అది కూడా కడ్డీయే, 12 వోల్ట్‌ల మీద 15, 20 యాంపియర్లు లాగుతుంది. ఇంజిన్ ఆపి మర్చిపోయారా, భోజనం చేసి వచ్చేసరికి బ్యాటరీ పడుకుంటుంది. అన్నట్టు, గ్యాస్ మీద ఉన్నా కూడా కంట్రోల్ బోర్డుకి కాస్త 12 వోల్ట్ కావాలి. "గ్యాస్ మీద కదా, బ్యాటరీతో పనేంటి" అనుకుని బ్యాటరీ తీసేసేవాళ్లు ఉన్నారు.

లిథియం_లక్ష్మణ్
శీను బ్రో అసలు అడిగింది గ్యాస్ చవకా కరెంటు చవకా అని. చవక గ్యాసే అనుకుంటా, సగం ధర.

మెకానికల్_మావయ్య
అనుకోవద్దు, లెక్క కడదాం. ఆ సైజు బర్నర్ గంటకి 1,500 బీటీయూల దగ్గర కాల్చుతుంది. రోజుకి 16 గంటలు వెలిగిందనుకో, 24,000. గ్యాలన్ ప్రొపేన్‌లో, అంటే మన సిలిండర్ గ్యాస్‌లో, 91,500. అంటే రోజుకి పావు గ్యాలన్ పైచిలుకు. గ్యాలన్ నాలుగు డాలర్లయితే డాలర్ ఐదు సెంట్లు. అదే 16 గంటలు కరెంటు మీద అయితే 5.2 యూనిట్లు, 15 సెంట్ల చొప్పున 78 సెంట్లు. టెక్సస్‌లో కరెంటే చవక. కాలిఫోర్నియా వాళ్ల కరెంటు రేటుకి తలకిందులవుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు అద్దెలోనే కలిసి ఉంటే ఇక ఆలోచించేదేముంది, ప్లగ్ పెట్టెయ్.

ఇంకో మాట, ఇది లక్ష్మణ్‌కి నచ్చదు. గ్యాస్ కాల్చి కరెంటు చేసే ప్లాంట్‌లో సగం కంటే ఎక్కువ వేడి పోతుందనుకో. 5.2 యూనిట్లు రావాలంటే అక్కడ 11, 12 యూనిట్ల గ్యాస్ కాలాలి. అదే పనికి ఫ్రిజ్ కింద నేరుగా కాల్చేది 7 యూనిట్లు. కాబట్టి ఈ ఫ్రిజ్‌ని కరెంటు మీద నడపడం, కట్టెలు కాల్చి కరెంటు చేసి ఆ కరెంటుతో నీళ్లు కాచుకున్నట్టు. కానీ లక్ష్మణ్ కంప్రెసర్‌కి కావాల్సింది ఒక్క యూనిట్, ప్లాంట్‌లో రెండు. ఆ లెక్కలో అతనిదే గెలుపు.

లిథియం_లక్ష్మణ్
స్క్రీన్‌షాట్ తీసుకున్నా. మావయ్య నోట ఈ మాట మళ్లీ రాదు.

గోంగూర_గర్ల్
జనరేటర్ వేసి ఫ్రిజ్‌ని కరెంటు మీద పెట్టేవాళ్ల సంగతి?

మెకానికల్_మావయ్య
వాళ్ల గురించి నేను మాట్లాడను. నాకు బీపీ ఉంది.

డాలస్_శీను
అప్‌డేట్. పలకలు పెట్టి మట్టం చేశాను, అర డిగ్రీ లోపే ఉంది. రెండో రోజు మీటర్ 6.1, లోపల 41. ఫ్రిజ్ అప్పుడప్పుడు ఆగుతోంది, ఆ క్లిక్ వినడానికి అర్ధరాత్రి వెళ్లి కూర్చుంటున్నానని మా ఆవిడ మీకందరికీ నమస్కారాలు చెప్పమంది. ఇంకా తగ్గించే మార్గం ఉందా?

పాతకాపు_98
ఎండ. ఫ్రిజ్ ఉన్న వైపు నీడకి తిప్పు. బయట 95 దాటితే ఈ ఫ్రిజ్‌లు చేతులెత్తేస్తాయి, పైన రేకులు వేడిని ఎటు వదలాలి మరి. నీవి బిగించినవాళ్లు ఫ్రిజ్ వెనక ఎంత ఖాళీ వదిలారో టార్చ్ వేసి చూడు. రేకులకీ గోడకీ మధ్య అంగుళం లోపే ఉండాలి. ఎక్కువ ఖాళీ ఉంటే గాలి రేకులని తాకకుండానే పైకి పోతుంది, అల్యూమినియం రేకు ఒకటి వంచి గాలిని రేకుల వైపు మళ్లించాలి. కంప్యూటర్ ఫ్యాన్లు, 12 వోల్ట్‌లవి రెండు, వెనక పైకి ఊదేలా పెట్టు. పదిహేను డాలర్ల పని.

అట్లాంటా_అక్క
లోపల కూడా. అరల మీద పేపర్లు, ప్లాస్టిక్ షీట్లు పరచొద్దు, చల్లగాలి కిందికి దిగాలి. వేడి సాంబారు గిన్నె అలాగే పెట్టొద్దు, దాన్ని చల్లబరచడానికి ఈ బుజ్జి మంటకి సగం రోజు పడుతుంది. ముందు రోజే ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరిచినవే ఇందులోకి మార్చాలి. దోసెల పిండి పెట్టేటప్పుడు సగం డబ్బాయే, మా పిండి ఒకసారి పులిసి పొంగి వెనక రేకుల దాకా పోయింది.

హ్యూస్టన్_హుషార్
ఆవకాయకి ఏ ఫ్రిజ్ అక్కర్లేదు. మన పూర్వీకులు ఎంత ముందుచూపున్నవాళ్లు!

బాల్టిమోర్_బాబాయ్
అక్కా, మీ కూలింగ్ యూనిట్ చివరికి ఏం చేశారు? ఫ్రిజ్ మొత్తం మార్చారా?

అట్లాంటా_అక్క
లేదు, వెనక యూనిట్ ఒక్కటే మార్పించాం. ఇండియానాలో షిప్‌షివానా వైపు ఆమిష్ వాళ్లు (పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖ) చేస్తారు ఇవి. వాళ్లలో చాలామంది ఇంటికి కరెంటు తీసుకోరు కదా, ఇళ్లలోనే గ్యాస్ ఫ్రిజ్‌లు వాడతారు, అందుకే ఆ పని బాగా తెలుసు. గొట్టం కూడా మందంగా ఉంది. కొత్త ఫ్రిజ్ ధరలో సగం అయింది మాకు. లక్ష్మణ్ అన్న 12 వోల్ట్ వైపు కూడా ఆలోచించాం, కానీ దానికి బ్యాటరీలు, సోలార్, వైర్లు అన్నీ కలిపితే ఫ్రిజ్ ధరకి మూడింతలైంది, ఏడాదికి నాలుగు ట్రిప్పులు వెళ్లే వాళ్లకి ఎందుకని ఊరుకున్నాం.

లిథియం_లక్ష్మణ్
ఏడాదికి నాలుగు ట్రిప్పులైతే నేనూ అదే చేస్తానేమో అక్కా. నేను ఏడాదికి ఏడు నెలలు అందులోనే ఉంటాను. ఇంటి దగ్గర వదిలేసి నాలుగుసార్లు వాడేవాళ్లకి నేను చెప్పేది కుదరదు, ఒప్పుకుంటా.

ఎడారి_బాటసారి
ఇదీ స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

డాలస్_శీను
ఫ్యాన్లు పెట్టాను, రేకు వంచాను, ట్రైలర్ తిప్పి పెట్టాను. బయట 91 ఉన్న రోజు 5.2 యూనిట్లు, లోపల 37. మావయ్య గారు వేసిన లెక్కకి అక్షరాలా సరిపోయింది. ఇంటి ఫ్రిజ్ కంటే ఇంకా మూడింతలే గానీ, పాలు నిలబడుతున్నాయి. బిగ్ బెండ్‌లో కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేశాను, కరెంటు లేదు, జనరేటర్ కూడా వెయ్యనివ్వరు. అంతా గ్యాస్ మీదే. 20 పౌండ్ల సిలిండర్లు రెండు ఉన్నాయి, ఐదు రాత్రులకి చాలు కదా?

మెకానికల్_మావయ్య
ఫ్రిజ్ ఒక్కదానికైతే ఒక సిలిండరే పద్దెనిమిది రోజులు, చలిలో ఇంకా ఎక్కువ. షాపులో ఖాళీది ఇచ్చి మార్చుకునే సిలిండర్లలో చాలావరకు 15 పౌండ్లే పోస్తారు, నింపించుకునే చోటుకే వెళ్లు.

డాలస్_శీను
వచ్చేశాం. ఫ్రిజ్ అద్భుతం, ఐదు రోజులూ 36 దాటలేదు, పెరుగు గడ్డలా ఉంది. కానీ మూడో రాత్రి రెండింటికి మొదటి సిలిండర్ ఖాళీ! రెగ్యులేటర్ రెండోదానికి మారింది కాబట్టి బతికాం. ఫ్రిజ్‌లో మళ్లీ ఏదో లీకు అనుకుని టార్చ్ పట్టుకుని సబ్బు నురగ రాస్తూ చలిలో గంటసేపు వెతికాను. ఎక్కడా బుడగ లేదు.

మెకానికల్_మావయ్య
రాత్రి గది హీటర్ వేశారా?

డాలస్_శీను
వేశాం. బయట 36, పిల్లలున్నారు కదా.

మెకానికల్_మావయ్య
దాని స్టిక్కర్ మీద ఎంత ఉందో చూడు.

డాలస్_శీను
గంటకి 25,000 బీటీయూలు.

గోంగూర_గర్ల్
అంటే ఫ్రిజ్ రోజంతా తినేది అది గంటలో తినేసింది.

డాలస్_శీను
నెల రోజులు నేను ఫ్రిజ్ వెనక ఫ్యాన్లు బిగించుకుంటూ కూర్చున్నాను.

ఎడారి_బాటసారి
పోయేసారి రగ్గులు ఇంకో రెండు పట్టుకెళ్లు శీనూ. హీటర్ గురించి విడిగా ఒక థ్రెడ్ పెట్టు, నేనూ లక్ష్మణూ అక్కడ కొట్టుకుంటాం.